పోచమ్మ గూడున్న ఇల్లు అమ్మబడును

తాండూరులో మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఎందుకో చెబితే నవ్వుతారు. గొర్రెల కోసం! మా హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసిన మరుసటి ఏడు, మా మంద మేసే గుట్టలన్నీ నాపరాతి గనులయ్యాయి. మూగజీవాలు రాళ్లు మేస్తాయా? వికారాబాదులో అనంతగిరి వాలున దొడ్డితో సహా చిన్న ఇల్లు దొరికింది. వానలు పడేలోగా ఇది అమ్ముడుపోతేనే అది మాది. లేదంటే మందను కటికవాళ్లకు తోలెయ్యడమే. ఒక్కోదానికి పేరు పెట్టి పెంచినదాన్ని, నా ప్రాణం ఎట్లా కొట్టుకుంటుందో మీరే చెప్పండి.

బేరం కుదిర్చేది మొగులప్ప. వాడి నోటికి దండం పెట్టాలి. వచ్చిన ప్రతివాడితోనూ, "నిజాం జమానల తహసీల్దారు గీ అరుగు మీదనే కూసోని చాయ్ తాగిండు," అంటాడు. తహసీల్దారా, నా మొహమా! మా మామ గొర్రెలమ్మి, ఒక్కో బండా ఎడ్లబండి మీద తెచ్చి కట్టిన ఇల్లిది. ఆ మాట చెబితే ఇంటి విలువ తగ్గుతుందట.

చివరికి మత్తయ్య ముందుకొచ్చాడు. రైలు పట్టాల మీద పని, ఆదివారమొస్తే చర్చి. దాంతో మొగులప్పకు పరేషాన్ పట్టుకుంది. మా వంటింటి గోడలో పోచమ్మ గూడు ఉంది మరి. మా అత్త కాపురానికొచ్చిన నాటి నుంచి అందులో దీపం ఆరలేదు.

"గా గూడు సూస్తె మత్తయ్య ఎనకకు పోతడు. పూడ్చి సున్నం గొట్టుండ్రి," అన్నాడు.

"అమ్మవారిని గోడల మూస్తవా? నీ నోట్ల మన్ను వడ!" అని లేచాను.

మా ఆయన అంజిలయ్య మెత్తటి మనిషి. "గొర్ల దిక్కు సూడు బీరమ్మా," అన్నాడు. చూశాను. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. విగ్రహమైతే మూట కట్టుకొని పోదును. గోడకు రాసిన పసుపే మా అమ్మవారు. గోడను ఎట్లా మోసుకుపోను? ఏడుస్తూనే ఊకొట్టాను.

గూడు పూడ్చి సున్నం కొట్టారు. తెల్లారేసరికి పసుపు మచ్చ పైకి తేలింది. మళ్లీ కొట్టారు, మళ్లీ తేలింది. మా ఆయన చెంపలు వాయించుకున్నాడు. అన్నేళ్లు నూనె తాగిన గోడ సున్నానికి లొంగుతుందా? మొగులప్ప విసుగెత్తి, మచ్చ మీద మా కొత్త చేట తగిలించాడు.

ఎంత తెలివో చూడండి! ఇల్లు చూడవచ్చిన ఆడది కొత్త చేట కనబడితే ఊరుకుంటుందా? మత్తయ్య భార్య ఎంకమ్మ తిన్నగా వంటింట్లోకొచ్చి, అల్లిక ఎట్లా ఉందో చూద్దామని చేట తీసింది. మచ్చ బయటపడింది.

"తేమమ్మా, జర తేమ," అన్నాడు మొగులప్ప.

నాకు ఒళ్లు మండింది. "తేమ గాదు. గది మా పోశమ్మ. కొంటె కొను, లేకుంటె లే," అనేశాను. అని, గొర్రెలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఎంకమ్మ మచ్చ మీద చెయ్యి పెట్టింది. "నాకెర్కనే అక్కా. మా అమ్మ బుగ్గమ్మ మీకు కట్టెలు తెచ్చేది. మీ అత్త లోపలికి రానిచ్చేది గాదు. వాకిట్ల నిలవడి, తలుపు సందుల కెల్లి గీ దీపానికి దండం వెట్టి పోయేది. గప్పటికి మేం యేసయ్యను నమ్ముకోలే."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. మొగులప్ప తహసీల్దారు చాయ్ మొదలుపెట్టబోతే మత్తయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊకో అన్నా. ఇల్లు మాకు పసందైంది."

"గూడు మల్ల తెరువుండ్రి," అంది ఎంకమ్మ. "మేం మొక్కం, తియ్యం. ఆషాఢంల నువ్వొచ్చి బోనం జేస్కో అక్కా."

ఆషాఢం వచ్చింది. మంద అనంతగిరి వాలున కడుపునిండా మేస్తోంది. నేను రైల్లో తాండూరు వెళ్లి, స్టేషన్ నుంచి బోనం నెత్తిన పెట్టుకొని నడిచాను. ఇంటిముందుకు రాగానే కాళ్లు ఆగిపోయాయి. నేను కోడలిగా అడుగుపెట్టిన ఇల్లే, కానీ ఇప్పుడు పరాయిది. లోపలికి పోవచ్చో లేదో తెలియక వాకిట్లోనే నిలబడ్డాను.

లోపల నుంచి ఎంకమ్మ తల్లి బుగ్గమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"గాడ నిలవడ్డవేంది బిడ్డా? లోపలికి రా," అని చెయ్యి పట్టుకొని గడప దాటించింది.