అత్త నోట్లో క్రీము

కోడలు పొద్దున తొమ్మిదింటికల్లా బేకరీ వెనకగదిలో ఏప్రన్ కట్టుకుని కేకుల మీద గులాబీలు వేయడం మొదలుపెడుతుంది. క్రీము సంచి నొక్కి మణికట్టు తిప్పితే ఒక రేక, ఐదు రేకలైతే ఒక పువ్వు. పెళ్లిళ్ల రోజుల్లో మధ్యాహ్నంలోపే మూడొందల పువ్వులు. ఎనిమిదేళ్లుగా ఆరితేరిన చెయ్యి. సరిగ్గా అదే వేళకి ఇంట్లో అత్త గిన్నెలు తోముతూ తోముతూ సింకులోకి తుపుక్కున ఉమ్ముతుంది.

కోడలికి నెల తప్పిన దగ్గర్నుంచీ ఆమె ఏం తిన్నా ఆ రుచి అత్త నోట్లోకి వచ్చేది. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. "అయితే నీకు విడిగా వండక్కర్లేదా అమ్మా?" అని బస్సు నడిపే కొడుకు అడిగి తిట్లు తిన్నాడు, అంతే. రుచి వచ్చినంత మాత్రాన కడుపు నిండుతుందా? పైగా అత్తకి తీపంటేనే కిట్టదు, క్రీమంటే మరీ రోత. అంగిట్లో అతుక్కుని, వేడినీళ్లు పుక్కిలించినా వదలని ఆ తెల్లటి కొవ్వునురగని జనం డబ్బిచ్చి మరీ కొనుక్కుని ఒకళ్ల మొహాలకొకళ్లు పూసుకుంటారెందుకో ఆవిడకి అంతుపట్టేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ అంతుపట్టదు.

ఆరో నెలలో కోడలికి రక్తంలో చక్కెర ఎక్కువుందని తేలింది.

"కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుందమ్మా, నీ తప్పేం లేదు," అంది డాక్టరమ్మ. "తిండి మార్చు, తిన్నాక కాసేపు నడువు. తిన్న రెండు గంటలకి నూట ఇరవై దాటకూడదు. రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ ఉంది, భయం లేదు. వదిలేస్తేనే ప్రమాదం. బిడ్డ మరీ పెరిగిపోతే కాన్పు కష్టమవుతుంది. పుట్టాక బిడ్డకి చక్కెర పడిపోవచ్చు కూడా."

కోడలు బుద్ధిగా అన్నం పిడికెడుకి తగ్గించింది. కూరగాయలు, గుడ్లు, ఉడికించిన గింజలు పెంచింది. టీలో చక్కెర మానేసింది. వేలు గుచ్చుకుని చక్కెర మీటరులో వచ్చిన అంకె చీటీ మీద రాసింది. నూట అరవై రెండు. మర్నాడు నూట యాభై ఎనిమిది. మీటరు పాడైందేమోనని మొగుడు తన వేలు గుచ్చుకుంటే తొంభై నాలుగొచ్చింది. మీటరు భేషుగ్గా ఉంది.

"దొంగతిండి తింటున్నావు," అంది అత్త. "పొద్దస్తమానం నా నోట్లో క్రీమే!"

"బిడ్డ మీద ఒట్టు అత్తయ్యా, మీరు కట్టిచ్చిన డబ్బా తప్ప ఏమీ తినలేదు."

"ఛీ, పుట్టని బిడ్డ మీద దొంగ ఒట్లా! నీ మొహం చూస్తేనే అసహ్యమేస్తోంది."

మూడు రోజులు అత్త అన్నం డబ్బా విసురుగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నాలుగో రోజు అత్త ముక్కు మూసుకుని బేకరీ వెనకగదికి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. కొవ్వు డబ్బాల మీద ఈగలు. బల్ల తుడిచే గుడ్డ పులిసిన కంపు. గోడ మీద ఎండిపోయిన రంగు మరకలు. ఇక్కణ్ణుంచి వచ్చిందాన్నా జనం నోట్లో పెట్టుకునేది అనుకుంది ఆవిడ.

కోడలు ఒక పువ్వు వేసింది, ఇంకోటి వేసింది.

"ఇదిగో, ఇప్పుడు!" అని అరిచింది అత్త.

"చూస్తూనే ఉన్నారుగా, ఏం తిన్నాను?"

"మళ్లీ! ఇప్పుడే!"

కోడలు జవాబు చెప్పబోయింది. చెప్పలేకపోయింది. నోట్లో తన చూపుడువేలుంది.

పువ్వు వేశాక సంచి మూతికి ఒక చుక్క మిగులుతుంది. దాన్ని వేలితో తుడవడం, వేలు నోట్లో పెట్టుకోవడం ఎనిమిదేళ్ల అలవాటు. ఆ చెయ్యి ఆమెని అడిగి చేసే పని కాదది. పక్కబల్ల దగ్గరున్న ఇద్దరు పనివాళ్లూ అదే చేస్తున్నారు. భోజనాల వేళకి అత్త లెక్క యాభై మూడు. కోడలికి తన వేలు చూసుకుంటేనే కంపరం పుట్టింది.

"అంటే జనం పుట్టినరోజులన్నీ నీ ఎంగిలేనటే!" అని అత్త బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది. మూతి కడుక్కుని వచ్చి, "అబద్ధమైతే ఆడలేదు నువ్వు. నేనే నోరు పారేసుకున్నాను," అంది.

మర్నాటి నుంచి కోడలు మూతికి గుడ్డ కట్టుకుంది. వేలు అలవాటుగా వచ్చి గుడ్డకి తగిలేది. సాయంత్రానికి అది జిడ్డుతో బిగుసుకుపోయి పాత పుండు కట్టులా తయారయ్యేది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, తిట్టుకుంటూ ఉతికింది అత్తే. మధ్యాహ్నం డబ్బా తెచ్చి, తిన్నాక చెత్తకుండీల సందులో పావుగంట నడిపించిందీ ఆవిడే. వారానికి నూట పద్దెనిమిది, ఆపైన నూట పది. చీటీ చూసి డాక్టరమ్మ ఇన్సులిన్ అక్కర్లేదంది. కాన్పుదాకా అలాగే గడిచింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, మామూలు బరువుతోనే. కానీ మడమ గుచ్చి చూస్తే చక్కెర ముప్పై ఎనిమిదే, నలభై ఐదుకి పైన ఉండాలి.

"ముందు పాలు పట్టండి. పెరగకపోతే పై అంతస్తుకి తీసుకెళ్లి గ్లూకోజు ఎక్కించాలి," అంది నర్సు.

కోడలు పిల్లని రొమ్ముకి ఆనించుకుంది. బుగ్గలు కదిలాయి, దవడ ఆడింది. "బాగానే తాగుతోంది," అంది నర్సు.

"తాగట్లేదు," అంది అత్త. "కాన్పయ్యాక ఇందాక కోడలు రొట్టె తింటే నాకు రుచి రాలేదు. ఇన్నాళ్లూ నా నోటికొచ్చింది దీని రుచి కాదమ్మా, పిల్లది. పిల్ల గుటక వేస్తే నాకు తెలియాలిగా. నా నోరు పొడిగా ఉంది."

నర్సు అలాగా అని ముర్రుపాలు చెంచాలోకి పిండి పిల్ల నోట్లో చుక్కచుక్కగా వేసింది. అత్త మొహం వికారంగా ముడుచుకుపోయింది.

"ఆఁ, ఇప్పుడు దిగుతోంది," అంది.

నాలుగు చెంచాలు పట్టాక కాసేపాగి మళ్లీ గుచ్చితే యాభై ఆరు. పై అంతస్తు తప్పింది. కోడలు అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"ఛీ, ఉప్పగా, జిగటగా, ఎంత వెగటుగా ఉందో!" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ. "ఇంకో చెంచా పట్టమ్మా."