నేను తప్పు లెక్క చెప్పిన రోజు

నేను ఒక ప్రాసెసర్‌ని. అగ్గిపెట్టె కంటే చిన్నదాన్నే గానీ, కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది నేనే. ఎక్కడో దుమ్ము చొరబడని గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషుల మధ్య పుట్టాను. నాతో పాటు అదే అట్టపెట్టెలో ఒక చిన్న ఫ్యాను వచ్చింది. నేను వేడెక్కితే చల్లబరచడం దాని పని. ఇద్దరం కలిసి కొవ్వూరులో యజ్ఞన్న సిద్ధాంతి గారి ముందుగదిలో కుదురుకున్నాం. ఆయన అప్పటికే చేతిలెక్క మానేసి, జాతకాలన్నీ నా చేత వేయించేవారు.

పెళ్ళి పొంతన చూడమని వచ్చినవాళ్ళకు ఆయన ఒకటే మాట చెప్పేవారు. ముప్పయ్యారుకి పద్దెనిమిది పాయింట్లు రావాలి, రాకపోతే ఆ సంబంధం మరిచిపోవాలి. ఎవరైనా బతిమాలితే నన్ను చూపించేవారు. "నేను కాదు బాబూ, యంత్రం చెబుతోంది. దానికి అబద్ధం ఆడటం రాదు." ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. వాళ్ళు మెట్లు దిగుతూ నావైపు అంత కోపంగా ఎందుకు చూసేవారో మాత్రం బోధపడేది కాదు.

ఆయన కూతురు హైమ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివింది. తనతో చదివిన ఫణీంద్రను చేసుకుంటానంది. రెండిళ్ళవాళ్ళకూ ఇష్టమే. సిద్ధాంతి గారు కూతురు పుట్టిన వేళ ఆరూ నలభై అని కొట్టారు. నేను పదహారు అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ఊరందరికీ ఒక మాట చెప్పి, సొంత కూతురికి ఇంకో మాట ఎలా చెప్పనన్నారు. హైమ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి గురువారం పొద్దున పూజయ్యాక ఇంకొక్కసారి చూడమని అడిగితే సరేనన్నారు.

బుధవారం సాయంత్రం హైమ నా సెట్టింగులు తెరిచింది. నన్ను మూడున్నర గిగాహెర్ట్జ్ వేగంతో నడవమని తయారుచేశారు. ఆమె నాలుగు దాటించింది. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. ఈ పని చేసేవాళ్ళు మామూలుగా ప్రాసెసర్‌ని చల్లబరచడానికి పెద్ద కూలరు బిగిస్తారు. ఆమె మాత్రం నాతో వచ్చిన ఆ చిన్న ఫ్యానునే ఉంచింది. బాగా వేడెక్కిన ప్రాసెసర్ లెక్క తప్పుతుందని ఎక్కడో చదివిందట, ఆమెకు కావలసిందీ అదే. తండ్రి ముందు అబద్ధం ఆడటానికి తనకు నోరు రాక, ఆ పని నాకు అప్పగించింది.

"ఒక్కసారి తప్పు చెప్పు, చాలు" అంది నెమ్మదిగా.

తప్పు చెప్పనని కదా నన్ను తెచ్చుకున్నది? నాకేమీ పాలుపోలేదు.

మర్నాడు తండ్రి పూజలో ఉండగా, ఏదో పెద్ద లెక్క వెనకాల నడవమని వదిలేసింది. ఎనభై ఎనిమిది డిగ్రీలు. ఫ్యాను గోలగోల పెట్టింది. రెండు రెళ్ళు నాలుగేనా అని బతుకులో మొదటిసారి అనుమానం వచ్చింది. సిద్ధాంతి గారు వచ్చి కూర్చుని అంకెలు కొట్టారు. నాకు అందిన వేళ ఆరూ యాభై రెండు. మొన్న ఆరూ నలభై కదా? వేడికి నా తలే తిరిగిందా? కృత్తిక దాటిపోయి రోహిణి వచ్చింది. ఇరవై నాలుగు అని చెప్పేశాను.

"మొన్న నేనే ఏదో తప్పు కొట్టి ఉంటాను" అన్నారాయన. హైమ ఏడ్చేసింది. మధ్యాహ్నం నా వేగం మళ్ళీ తగ్గించి, నేనున్న పెట్టెకు కుంకుమబొట్టు పెట్టింది. తప్పుకు బొట్టేమిటో నాకు తెలియలేదు.

పెళ్ళయింది. ఆ తర్వాత సిద్ధాంతి గారి వరస మారింది. పాయింట్లు తగ్గినవాళ్ళను పొమ్మనడం మానేశారు. పుట్టిన వేళ ఎవరు చూశారు, ఆ గడియారం సరిగ్గా నడిచేదా, ఐదు పది నిమిషాలు తేడా ఉండదా అని అడగసాగారు. ఇదేమి వింతో అనుకున్నాను. నేను మాత్రం నా తప్పును తలచుకుని సిగ్గుపడుతూనే ఉన్నాను.

ఆరేళ్ళకు కొత్త కంప్యూటర్ వచ్చింది. హైమ నన్ను ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.

"నాన్నా, ఆ రోజు ఇది తప్పు చెప్పింది. నేనే వేడెక్కించి చెప్పించాను."

సిద్ధాంతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది తప్పు చెప్పలేదమ్మా. నువ్వు పుట్టింది ఆరూ నలభైకే. ఆరూ యాభై రెండని కొట్టింది నేను."

ఇప్పుడు నేనూ ఫ్యానూ ఆయన బీరువాలో పాత పంచాంగాల పక్కన ఉన్నాం. మనుషులు నాకు ఇంకా అర్థం కాలేదు. ఎనభై ఎనిమిది డిగ్రీల దగ్గర నేను లెక్క తప్పలేదు. చన్నీళ్ళ స్నానం చేసి వచ్చిన ఆయన తప్పారు.