పడవలో తిరిగిన ప్రార్థన చీటీ

పడవ ఎక్కేటప్పటికే జ్ఞానమ్మకు నడుము పట్టేసింది. రాత్రంతా కాన్పుల వార్డులో డ్యూటీ చేసి, ఇంటికైనా పోకుండా తిన్నగా బస్సెక్కింది. మదనపల్లె నుంచి తడ దాకా అయిదు గంటలు. దారిలో ముగ్గురు వాంతులు చేసుకుంటే కవర్లు పట్టిందీ, సీట్లు కడిగిందీ ఆమే. విహారయాత్రకు వచ్చినా ఆయా ఆయానే కదా!

మిషను ఆస్పత్రి పెద్దలు తమ ఖర్చుతో పద్దెనిమిది మంది ఆయాలకు పులికాట్ సరస్సు చూపించడం ఇదే మొదలు. మధ్యాహ్నం పక్షులు, సాయంత్రం సముద్రం, ఆ తర్వాత తిరుగు ప్రయాణం. ఇరవై నాలుగేళ్లుగా నెత్తురు గుడ్డలు ఉతికిన జ్ఞానమ్మకు ఆ మాట విన్నప్పుడు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు మమ్మల్నీ మనుషుల కింద లెక్కేశారని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది, పిచ్చితల్లి.

అరగంట పోయాక గైడు చెయ్యెత్తి ఇంజను ఆపించాడు. అల్లంత దూరంలో, మోకాటి లోతు నీళ్లలో, వేలకొద్దీ ఫ్లెమింగోలు తలలు ముంచి మేస్తున్నాయి. చప్పుడైతే లేచిపోతాయని, పది నిమిషాలు ఎవరూ నోరు విప్పొద్దని గైడు చెప్పాడు. ఆయాలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు గుమాస్తా శాలేము రాజు అట్టకు బిగించిన కాగితం ముందు వరసకు అందించాడు. ఆయన వాళ్ల చర్చిలో సంఘపెద్ద కూడా. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రయాణమంటే ప్రార్థన చీటీ తిరగడం వాళ్ల సంఘంలో తాతల నాటి అలవాటు. పైన ప్రార్థన, దాని కింద పేర్లు, అడుగున ఎవరి మనవులు వాళ్లు రాసుకునే జాగా. పైన ఉన్నది ఎవరు చదువుతారు? దేవుడికి తెలిసిన మాటలే కదా. బైబిలు గడగడా చదివే ఆడవాళ్లు, ఒక కన్ను పక్షుల మీదే ఉంచి, ఒకరి తర్వాత ఒకరు పదిహేడు సంతకాలు చేసేశారు.

కాగితం చివరికి జ్ఞానమ్మ చేతికొచ్చింది. కూతురు తబితకు ఇంకో వారంలో నర్సింగు పరీక్ష. ఆ మనవి రాద్దామని అడుగున వెతికింది. జాగా లేదు. వెనక్కి తిప్పింది. అక్కడా లేదు.

"మనవులు యాడ రాసేదప్పా?" అని పక్కనే ఉన్న శాలేము రాజును గుసగుసగా అడిగింది.

"ఈ తూరి అవేం లేవులే అక్కా. పేరు రాసి ఇయ్యి."

మనవుల్లేని ప్రార్థన ఏమిటా అని ఆమె పైనుంచి చదివింది. ఈ నెలాఖరుతో ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నామని, పాత సర్వీసు మీద ఏ హక్కూ కోరబోమని, వచ్చే నెల నుంచి కాంట్రాక్టు ఏజెన్సీ కింద రోజుకు మూడు వందల ఎనభై రూపాయలకు పని చేస్తామని ఉంది. క్వార్టర్సు ఖాళీ చేస్తామని కూడా ఉంది. ఆ ఒంటి గదిలోనే తబిత పుట్టి పెరిగింది.

"ఇది ప్రార్థన చీటీ కాదు గదప్పా."

"అని నేనెప్పుడు సెప్పినాను?" అన్నాడు శాలేము రాజు. నిజమే, ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని బాగా తెలిసినవాడు.

ఇదేదో ఆస్పత్రిలోనే ఎందుకివ్వలేదని ఆమె నిలదీసింది. పైవాళ్లు చెప్పినట్టు చేస్తున్నానని, తనకూ పిల్లలున్నారని ఆయన నీళ్లు నమిలాడు. తర్వాత గొంతు కాస్త గట్టిపడింది.

"పదిహేడు మంది పెట్టేసినారు. నువ్వొక్కదానివి పెట్టకుంటే ఏమయితాది? మెల్లగా మాట్లాడక్కా, పక్షులు లేస్తాయి."

జ్ఞానమ్మకు ఒళ్లు మండిపోయింది. అట్టను రొమ్ముకు అదుముకుని లేచి నిలబడింది. పడవ ఊగింది.

"నేను పెట్టను," అని అరిచింది. "అమ్మా, అందరూ వినండి. మన పనులు తీసేస్తాండారు. మన చేతనే రాయించుకుంటాండారు."

ఆ కేకకు పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశమంతా గులాబీ రంగు కమ్మేసింది. రెక్కల చప్పుడులో ఆమె మిగతా మాటలు ఎవరికీ వినబడలేదు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఇరవై ఏళ్లుగా ఒకే గిన్నెలో అన్నం కలుపుకున్న స్నేహితురాలు ఎవాంజెలిన్, పైనుంచి చూపు తిప్పకుండానే ఆమె చీర పట్టి లాగింది.

"జ్ఞానమ్మా, సూడు మే, ఎంత బాగుండాదో."

శాలేము రాజు అట్ట ఒక కొస పట్టుకుని గుంజాడు. జ్ఞానమ్మ రెండో కొస వదల్లేదు. పడవలో ఎవరూ వాళ్లిద్దరి వైపు చూడటం లేదు.