చివరింటి సిగ్నలు

ప్యో గిల్‌నామ్ నడుం బెల్టును సెల్ టవరు ఇనుపకడ్డీకి తగిలించి, కొక్కెం గట్టిగా పడిందో లేదో లాగి చూసుకున్నాడు. కింద సోల్‌గోల్ లోయంతా క్యాబేజీ మళ్ళు. తాడు మీద పైకొచ్చిన కొత్త యాంటెన్నా పలకను గుండెకు ఆనించుకుని, మోకాలి నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుంటూ బోల్టులు బిగించాడు.

జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ అతని పని ఇదే. కాంగ్‌వోన్ కొండల్లో అతను ఎక్కని టవరు లేదు. అద్దె గదుల్లో నిద్ర, వ్యానులో భోజనం. తల్లి పోయిన కబురు సైతం ఒక టవరు దిగాకే అందింది.

అతను కిందికి దిగేసరికి ఊరిపెద్ద హ్వాంగమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"పగలంతా బాగానే ఉంటుందయ్యా. సాయంత్రం పొలాల నుంచొచ్చి అందరూ ఫోన్లు తీశారా, ఇక బొమ్మ బిగుసుకుపోతుంది."

"ఇన్నాళ్ళూ ఊరంతా ఒకే కుళాయి కింద బిందెలు పెట్టారమ్మా. ఈ పలకలో బోలెడు చిన్న యాంటెన్నాలున్నాయి. ఇక ఎవరి ధార వాళ్ళకి."

"అన్ని చెవులుంటే మా ఆయన గొణుగుడు కూడా వింటుందేమో! విననీ, నాకు కాస్త తెరిపి."

గిల్‌నామ్ నవ్వాడు. పొద్దు వాలుతుండగా, పరీక్షించి చూద్దామని ఊరి చివరింటికి నడిచాడు. అక్కడ బున్‌నె అవ్వ చెక్క వసారా మీద కూర్చుని ఫోనులోకి చూస్తోంది. తెర మీద వోంజు ఆసుపత్రి మంచం, దాని మీద ఆమె అక్క. అక్క మనవరాలు అక్కడి ఫోనును మంచం కడ్డీకి కట్టింది.

"బాబూ, బొమ్మ వణుకుతోంది చూడు."

"బొమ్మ కాదవ్వా, మీ చెయ్యి. ఇటివ్వండి."

అతను ఫోను అందుకుని ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. లోయలో అప్పటికే ఇంటింటా దీపాలు వెలిగాయి. బొమ్మ ఎక్కడా ఆగలేదు.

"అక్కా, లేత కంకులు ఉడకేశానే. చిన్నప్పుడు నీ కంకి లాక్కుని తిన్నానని అందరికీ చెప్పేదానివి. లాక్కోలేదే. నువ్వే ఇచ్చావు."

ఎండిన పెదవులు కదిలాయి. "ఔను... నేనే ఇచ్చా."

బున్‌నె నవ్వింది. ఆ తర్వాత అటువైపు ఊపిరి ఒకటి వచ్చింది, ఇంకొకటి ఆలస్యంగా వచ్చింది, ఆపైన రాలేదు. మనవరాలు "అమ్మమ్మా" అంది. గిల్‌నామ్ భుజం లాగేస్తోంది. అయినా చెయ్యి కదపలేదు.

చాలాసేపటికి అవ్వ చొక్కా అంచుతో కళ్ళొత్తుకుంది. "మాట తెగలేదు బాబూ," అని, సంతాపపు తెల్లబట్టలు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

అతను ఫోనును వసారా మీది సోయా పులుసు జాడీకి ఆనించి, బూట్లు తొడుక్కుని, చప్పుడు కాకుండా వాలు దిగిపోయాడు. అటువైపు నర్సులు వచ్చి మంచం ఖాళీ చేశారు. ఫోను ఆపేయడం ఎవరికీ తోచలేదు. వసారా చీకట్లో, తల ఆనిన గుంట ఇంకా పూడని తెల్లటి దిండు, తెర మీద ఒక్క తొట్రుపాటూ లేకుండా కనబడుతూనే ఉంది.