చుక్క పడని పని

భీమశంకర్ టాటానగర్ దగ్గరి గోవింద్‌పూర్‌లో ఒక కర్మాగారంలో మేనేజరు. యంత్రాలకు నూనె పట్టించే విభాగం ఆయనది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చేతికి మాత్రం నూనె అంటలేదు. అంటించుకోడానికి కింద నలభై మంది ఉన్నారు.

అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున్నే, మోటారుసైకిలుకి ఆయిలు తానే మారుస్తానని పెరట్లో కూర్చున్నాడు. మెకానిక్కులైతే నేలంతా పాడు చేస్తారట.

ఆ రోజే తొమ్మిదింటికి ఆయన భార్య రాజ్యలక్ష్మికి సాక్చిలోని ఒక బడిలో లెక్కల టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆమె బి.ఎడ్. పట్టా పదకొండేళ్ళుగా పెట్టెలో కలరా ఉండలతో కాపురం చేస్తోంది. కిందటేడు ఇలాగే ఒక పిలుపు వస్తే "నేను దింపుతాగా" అన్నాడు. ఆయన బండి తుడవడం పూర్తయ్యేసరికి అక్కడ ఇంటర్వ్యూ పూర్తయింది.

"ఆటోలో పోతానండీ," అంది ఈసారి.

"ఆటోలో దుమ్ము. ఇది పది నిమిషాల పని."

ముందు ప్లాస్టిక్ పట్టా పరిచాడు. దాని మీద పాత పేపర్లు. వాటి మీద గోనె. గోనె మీద, అడక్కుండానే, ఆమె పిండి కలిపే పళ్ళెం. చేతులకు తొడుగులు వేసుకున్నాడు. తలకి హెల్మెట్టు కూడా పెట్టుకున్నాడు.

గోడ అవతల నుంచి అసిరయ్య తొంగి చూశాడు. టాటానగర్ లోకోషెడ్‌లో రైలింజన్లకు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి.

"నానొచ్చి ఇప్పీమంటారా బాబూ? అయిదు నిమిషాల్లో అయిపోద్ది."

"వద్దు అసిరయ్యా. మీ షెడ్డు పద్ధతి ఇక్కడ కుదరదు. నా పెరట్లో ఒక్క చుక్క పడదు, చూస్తూండు. నోరు మాత్రం మెదపకు."

"సరే బాబూ. మెదపను."

నిజం చెప్పుకోవాలి, ఒక్క చుక్క పడలేదు. బోల్టు విప్పాడు. పాత నూనె నల్లగా పళ్ళెంలోకి దిగింది. దాన్ని గరాటు పెట్టి పాత డబ్బాలో పోసి మూత బిగించాడు. బోల్టు బిగించి తుడిచాడు. పళ్ళెం తుడిచాడు, పేపర్లు మడిచాడు, తుడిచిన గుడ్డను కూడా మడిచాడు. తుడవడానికే నలభై నిమిషాలు పట్టింది. కొత్త ఆయిలు డబ్బా తులసికోట పక్కన సీలు విప్పకుండా అలాగే ఉంది.

రాజ్యలక్ష్మి చూసింది. అసిరయ్యా చూశాడు.

"ఏవండీ, ఆ డబ్బా..."

"ముట్టుకోకు! మరకవుతుంది."

"అది కాదండీ, కొత్తది..."

"ఆయిలు సంగతి నువ్వు నాకు చెప్తావా?"

ఇంజనులో నూనె ఎంతుందో చూసే పుల్లను బయటికి లాగి ఎండలోకి ఎత్తి పట్టాడు. పుల్ల తళతళలాడింది.

"చూశావా? మరకన్నది లేదు. పనితనమంటే ఇదీ!"

చేతకానమ్మకు చేష్టలెక్కువ అని ఆడవాళ్ళ మీద సామెత కట్టినవాడెవడో గాని, ఆ పూట ఆ పెరట్లో ఉంటే దిద్దుకునేవాడు.

"నూనె..." అని మూడోసారి నోరు తెరిచింది రాజ్యలక్ష్మి.

"ఎక్కు, ఎక్కు. టైమయింది."

ఎనిమిదిన్నర. అసిరయ్య వైపు చూసింది. ఆయన నోటి మీద వేలేసుకుని నిలబడ్డాడు. ఆమె సర్టిఫికెట్ల సంచి తీసుకుని వీధిలోకి నడిచి ఆటో ఎక్కింది.

"నీకంటే ముందు నేనుంటా అక్కడ!" అని వెనక నుంచి అరిచాడు. అన్నట్టే ఆటోను దాటి దూసుకుపోయాడు.

సగం దారిలో మళ్ళీ కనిపించాడు. బండి రోడ్డు పక్కన పొగలు కక్కుతోంది. హెల్మెట్టుతోనే గొంతుక్కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు.

"దీదీ, ఆప్‌కే సాహబ్ హై నా? రోకూఁ?" అంటూ ఆటో నెమ్మది చేశాడు ఆటోవాడు.

తొమ్మిదికి పది తక్కువ.

"నహీఁ భయ్యా. చలో."

మధ్యాహ్నం ఉద్యోగం కాగితంతో ఇంటికొచ్చింది. కాగితం గాలికి ఎగరకుండా ఆ సీలు విప్పని డబ్బాను దాని మీద పెట్టింది. కాసేపటికి వీధిలోంచి భీమశంకర్ బండి తోసుకుంటూ వచ్చాడు. కబురందుకుని వెళ్ళిన అసిరయ్య వెనక నుంచి తోస్తున్నాడు.

"ఇంజను పట్టేసింది," అన్నాడు భీమశంకర్. డబ్బా కేసి చూశాడు. "సీలు విప్పలేదని చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు చెప్పబోయాను."

అసిరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బాబూ, ఇప్పుడు నోరు మెదపొచ్చునా?"

"ఏంటి?"

"తమరి పనితనం సెప్పుకోవాల. దారెంట సూసుకుంటా వచ్చినాను. రోడ్డు మీద కూడా ఒక్క సుక్క పడనేదు."