కాల్చని ఇనుము

నేను ఒక ఇనుప పట్టీని. మొదట లారీ కమానులో బరువులు మోశాను. తర్వాత పాడేరు సంతలో ఒక కమ్మరి నన్ను కోసి, ఒక కొస పదును పెట్టి, రెండో కొస కొక్కెంలా వంచాడు. తేనెపెట్టెల్లో మైనంతో అతుక్కుపోయిన చట్రాలను పెకలించడం అప్పటినుంచి నా పని. నన్ను కొన్న రత్నాలమ్మకు పెరట్లో ఆరు పెట్టెలుండేవి.

ఆ ఏడు పొలాల నిండా పచ్చటి వలిసెపూలు విరగబూశాయి. ఒక పొద్దున రత్నాలమ్మ చివరి పెట్టె తెరవగానే కుళ్ళు కంపు కొట్టింది. అరల్లో తెల్లగా ఉండాల్సిన పిల్లపురుగులు గోధుమరంగు ముద్దలయ్యాయి. అగ్గిపుల్లతో గుచ్చి లాగితే బంకలా తీగ సాగింది. ఇది అంటురోగమనీ, పనిముట్టును ఎర్రగా కాల్చకుండా మరో పెట్టెలో పెట్టకూడదనీ తేనెటీగల పెంపకం శిక్షణలో చెప్పారు. ఆమెకు గుర్తుంది కూడా. అంతలో పక్కింటి నుంచి ఆడపడుచు బుద్రి కేకేసింది.

"వదినా, తేనె తియ్యాల, బేగి రా!"

రత్నాలమ్మ నన్ను కొంగుతో తుడిచి పరుగెత్తింది. కొంగుతో తుడిస్తే ఏదైనా శుభ్రమైపోతుందని మనుషులకు గొప్ప నమ్మకం. బుద్రి నాలుగు పెట్టెల్లోనూ నేను దూరాను.

మూడు వారాలకు అక్కడా అదే కంపు. "ఎవల దిష్టి తగిలిందేటో వదినా," అని బుద్రి ఏడుస్తుంటే రత్నాలమ్మ పక్కన కూర్చుని తలూపింది. నాకు నోరు లేదు. ఆమెకుంది. మూడు రోజులు అన్నం సయించక కంచం ముందు నుంచి లేచిపోయింది తప్ప ఆ నోరు విప్పలేదు.

నాలుగోనాడు బుద్రి, ఉన్నవాటిలో కాస్త నయంగా కనిపించిన పెట్టెను పక్కూరి చెల్లెలికి పంపడానికి తాడు కడుతోంది. రత్నాలమ్మ నన్ను పట్టుకునే పరుగున వెళ్ళి ఆమె చెయ్యి ఆపింది.

"పంపకే బుద్రీ. దిష్టి కాదు. నానే తెచ్చినాను రోగం. ఈ ఇనుము కాల్చకుండా నీ పెట్టెల్లో ఎట్టినాను. తెలిసే ఎట్టినాను."

బుద్రి చేతిలోంచి తాడు జారింది. "మూడు దినాలు నా పక్కనే కూకున్నావు గదా వదినా. అప్పుడైనా సెప్పనేకపోనావా?"

సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాక ఇద్దరూ గొయ్యి తవ్వి, రత్నాలమ్మది ఒకటీ బుద్రివి నాలుగూ, రోగం సోకిన ఐదు పెట్టెలనూ తగలబెట్టారు. ఆ నిప్పుల్లోనే నన్నూ పెట్టారు. రోగం పోయేదాకా ఎర్రబడ్డాను.

మరుసటి ఏడు రత్నాలమ్మ తన ఈగలను విడదీసి, రెండు కొత్త పెట్టెలు నింపి బుద్రి వాకిట్లో దించింది. బుద్రి కాదనలేదు. తెరిచి చూపిద్దామని రత్నాలమ్మ నన్ను ముందుకు చాచేసరికి, బుద్రి లోపలికి వెళ్ళి, మూత లేపడానికి తన కూరగాయల కత్తి తెచ్చుకుంది.

రత్నాలమ్మ నన్ను వెనక్కి దాచుకుంది.