తళతళలాడిన రాగిరేకు

మా బోరు నీళ్లలో నైట్రేటు ఎక్కువగా ఉందని మనవరాలు చెప్పింది. పొలాలకు చల్లిన ఎరువు భూమిలోకి దిగిందట. ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపితే పసిపిల్లల ఒళ్లు నీలంగా మారుతుందట. అందుకే మునిమనవరాలు ఇంకా మా గడప తొక్కలేదు.

"కాచి పోస్తానే," అంది మా ఆవిడ.

"కాస్తే ఇంకా చిక్కబడుతుంది అమ్మమ్మా."

"కేన్ కొంటాం."

"అవీ ఈ భూమిలో నీళ్లే. సరిగ్గా శుద్ధి చేస్తారో లేదో ఎవరికి తెలుసు?"

మనవరాలు పనిచేసేది నీళ్లు పరీక్షించే చోట. ఓ గాజు డబ్బా తెచ్చి వంటగట్టు మీద పెట్టింది. లోపల రెండు రేకులు, పక్కన చిన్న కరెంటు పెట్టె. కరెంటు పారితే రాగిరేకు దగ్గర నైట్రేటు అమ్మోనియాగా మారుతుందట. దాన్ని వేరే సీసాలో పట్టి మొక్కలకు పోయొచ్చట. శనివారం పరీక్షలో నెగ్గితే ఆదివారం పిల్లను తెస్తానంది. మా ఆవిడ అప్పుడే ఉయ్యాల కట్టించేసింది.

శనివారం వచ్చి నీళ్లలో కాగితం ముంచింది. తెల్లగా ఉండాల్సింది గులాబీరంగుకు తిరిగింది. మూత తీసి చూస్తే రాగిరేకు తళతళలాడుతోంది.

"ఎవరు తోమారు?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"కరెంటు పెట్టె ముట్టుకోవద్దన్నావు, ముట్టుకోలేదు," అంది మా ఆవిడ. "తీగ పీకి రేకే తీశాను. నల్లగా ఉందే తల్లీ! పిల్ల తాగే నీళ్లాయె. నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి..."

"ఆ నలుపే అమ్మమ్మా పనిచేసేది! ఎంత ఓపిగ్గా ఆ పూత ఎక్కించానో."

మా ఆవిడ నా మీద పడింది. "మీరైనా ఆపొచ్చుగా! నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"నువ్వు తోముతుంటే చూడ్డానికి బాగుంది," అన్నాను.

"చాల్లెండి, ముసలాడికి సరసం!"

ఏడుపు మొహం పెట్టిన మనవరాలు పక్కుమంది. మా ఆవిడ మాత్రం వెళ్లి ఉయ్యాల ముడి విప్పబోయింది. మనవరాలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. రేకుకి ఇక్కడే మళ్లీ ఎక్కిస్తాను. నువ్వే కాపలా."

ఆ వారమంతా మా ఆవిడ డబ్బా ముందు కుర్చీ వేసుకుంది. గుడ్డ పట్టుకుని నేనటు వెళ్తే కసిరేది. పక్కింటావిడను పిలిచి, "చూడు, ఎంత చక్కగా నల్లబడుతోందో," అని చూపించేది.

మళ్లీ శనివారం నైట్రేటుకొకటి, అమ్మోనియాకొకటి కాగితాలు ముంచితే రెండూ రంగు తిరగలేదు.

మర్నాడు పిల్ల వచ్చింది. సీసాడు పాలూ తాగి మా ఆవిడ ఒళ్లో వెచ్చగా తడిపేసింది. మా ఆవిడ కదల్లేదు.

"పోయనీ తల్లీ, పోయనీ," అంది. "బోరు నిండా ఉన్నాయి నీళ్లు."